కొత్త బండి, నాన్న నోటుబుక్కు

చాలాకాలంగా మన సంఘం కార్యక్రమాల్లో ఎక్కడ ఎదురుపడినా మిత్రులు నన్నడిగే మొదటి ప్రశ్న, "బండి ఎలా ఉందండీ?" అని. నేను చెప్పే జవాబూ ఒక్కటే, "బ్రహ్మాండంగా ఉంది" అని. అందులో మొదటి ఏడు నెలలూ చెప్పింది పచ్చి అబద్ధం. ఉగాది సంచికకి ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, ఆ అబద్ధాన్ని నలుగురి ముందూ ఒప్పేసుకుంటే ఒక పనైపోతుంది కదా అనిపించింది.

2023 నవంబరులో మేము కొత్త మోటర్‌హోమ్ కొన్నాం. ఇంటి అప్పు మీద ఇంకొంత అప్పు చేర్చి మరీ కొన్నాం. ఈ దేశంలో చక్రాల మీద ఇల్లు పెట్టుకు తిరగడం కొత్తేమీ కాదు. మోటర్ కారవాన్ల వాళ్ళ సంఘం 1956లోనే పుట్టింది. రిటైరైన దంపతులు ఇల్లు తాళం వేసుకుని నెలల తరబడి ఊళ్ళు చుట్టేస్తుంటారు. మాకు మాత్రం కారణం వేరు. మా అమ్మ బయట మెతుకు ముట్టదు. అంతకుముందు వచ్చినప్పుడు ఆరు నెలలు ఆక్లాండులో మా ఇంటి గోడలు చూసి వెళ్ళిపోయింది. "వంటిల్లు వెంట తీసుకెళ్తే అత్తయ్యగారు ఎక్కడికైనా వస్తారు" అన్నది మా ఆవిడ. అక్కడ పడింది బీజం.

బండి రాగానే పాపకూరా గణేశుడి గుడికి తీసుకెళ్ళి వాహన పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం. మీలో చాలామంది ఆ రోజు వచ్చి, లోపలికెక్కి, మంచాలు నొక్కి చూసి, పులిహోర తిని వెళ్ళారు. ఫోటోలు తెనాలి దాకా వెళ్ళాయి. అంత ఆర్భాటం చేసిన తరువాత "బండి కారుతోందండీ" అని చెప్పడానికి నోరెలా వస్తుంది?

డిసెంబరులో అమ్మా నాన్నా ఆరు నెలల వీసా మీద వచ్చారు. ముందు దగ్గర్లో కోరమాండల్ తిరిగి, ఫిబ్రవరిలో ఓడ మీద బండితో సహా సౌత్ ఐలాండుకి వెళ్ళాలన్నది మా పథకం. జనవరి మొదటి వారంలో బయల్దేరాం. బాంబే హిల్స్ బోర్డు చూసి నాన్న, "ఇక్కడా బొంబాయేనా?" అని నవ్వాడు. వలస జనాన్ని తెచ్చిన బాంబే అనే ఓడ పేరు మీద ఆ ఊరికి ఆ పేరొచ్చిందని చెప్పాను. "ఓడ పేరు ఊరికి పెట్టారంటే అది దారిలో కారలేదన్నమాట" అన్నాడు. ఆయన నోట ఆ మాట ఎందుకొచ్చిందో గాని, మరుసటి రోజే మాకు తగిలింది.

థేమ్స్ దాటాక సముద్రం పక్కన రోడ్డు ఒకటే మెలికలు. మూడో మలుపులో గిన్నెల సొరుగు దానంతటది ఊడొచ్చింది. ఐదో మలుపులో పై అలమార తెరుచుకుని పోపుల పెట్టె కింద పడింది. ఆవాలు ఇప్పటికీ ఆ బండిలో ఎక్కడో ఒక మూల దొరుకుతూనే ఉంటాయి. ఆ సాయంత్రం అమ్మ చారుకి పోపు వేయగానే పొగ అలారం మోగి, పక్క బండి ముసలాయన మంటలార్పే సిలిండరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. రాత్రి రెండింటికి నీళ్ళ పంపు గుర్రుమని మోగింది. కుళాయిలన్నీ కట్టేసే ఉన్నాయి. పావుగంటకోసారి మోగుతూనే ఉంది.

మరునాడు హాట్ వాటర్ బీచ్‌కి వెళ్ళాం. ఆటుకి రెండు గంటల ముందు నుంచి రెండు గంటల తరువాత దాకా అక్కడ ఇసక తవ్వితే వేడినీళ్ళు ఊరతాయి. అమ్మ కాళ్ళు అందులో పెట్టుకుని కూర్చుని, "ఇంత దూరం వచ్చినందుకు ఇది చాల్రా" అంది. ఆ రాత్రి వాన పట్టుకుంది.

తెల్లవారి లేచి చూద్దును కదా, అమ్మ మంచం మీద కాళ్ళు ముడుచుకుని ఓ మూలకి ఒదిగి కూర్చుని ఉంది. పక్క మధ్యలో స్టీలు గిన్నె. పైన గాలికిటికీ అంచు నుంచి అందులోకి బొట్టు బొట్టుగా నీళ్ళు. గిన్నె సగం నిండింది. రెండుసార్లు పారబోసిందట కూడా. "లేపకపోయావా అమ్మా" అంటే, "లక్షలు పోసి కొన్నావు, అర్ధరాత్రి నీకెందుకు చెప్పడమని..." అంది. అమ్మ ఇంకేమీ అనలేదు. అదే నయమేమో, అని ఉంటే నేను తట్టుకోలేకపోయేవాణ్ణి.

నాన్న మాత్రం గోడ మీద అరచెయ్యి ఆనించి, బొటనవేలితో అక్కడక్కడా నొక్కుతూ పోయాడు. 2006లో రిటైరయ్యేదాకా ఆయన తెనాలి ఆర్టీసీ డిపో గ్యారేజీలో మెకానిక్కు. ఒకచోట ఆగి, "నీళ్ళు ఇప్పుడు రావడం కాదురా, లోపల ముందునుంచే ఉన్నాయి. చెక్క మెత్తబడింది" అన్నాడు.

ఇక్కడ ఈ బళ్ళ కట్టుబడి గురించి రెండు మాటలు చెప్పాలి. కింద ఇంజను, చాసిస్ ఒక కంపెనీది. దాని మీద ఇల్లు కట్టేది ఇంకో కంపెనీ. ఫ్రిజ్, పంపు, గ్యాస్ పొయ్యి తలా ఒకరివి. చాలా బళ్ళలో గోడంటే బయట పలచని రేకో ఫైబర్ గ్లాసో, మధ్యలో చెక్క చట్రమూ ఫోమూ, లోపల ప్లైవుడ్డు. కిటికీ కోసం, పైకప్పు మీద గాలికిటికీ కోసం ఎక్కడ కోత కోస్తే అక్కడ సీలెంటు పట్టించాలి. ఆ పనిలో ఒక్క అంగుళం వదిలేసినా నీళ్ళు దూరి, బయటికి పోయే దారిలేక చెక్కని లోలోపలే కుళ్ళబెడతాయి. బొట్టు కంటికి కనిపించేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. ఇళ్ళకు తేమ కొలిచేందుకు వాడే మీటరు దీనికీ పనికొస్తుంది. పదిహేను శాతం లోపుంటే భయం లేదు, ఇరవై దాటితే అనుమానించాలి, ముప్ఫై దాటితే చెక్క పాడవుతున్నట్టే. అమ్మ తల వైపు మూలలో మా మీటరు 31 చూపించింది.

సెలవులై దుకాణాలు తెరిచాక డీలరు దగ్గరికి తీసుకెళ్ళాను. మర్యాదగా కాఫీ ఇచ్చారు. పైన తెల్లటి సీలెంటు ఇంత పూసి పంపించారు. పంపు సంగతి పంపు కంపెనీని అడగమన్నారు, సొరుగుల సంగతి బాడీ కట్టినవాళ్ళకి రాయమన్నారు. వాళ్ళకి రాస్తే, "మీ డీలరుతో మాట్లాడండి" అని జవాబు. నేను థాంక్యూ చెప్పి వచ్చేశాను. మార్చిలో మళ్ళీ వాన, మళ్ళీ గిన్నె. ఈ మధ్యలో ఫిబ్రవరి ప్రయాణం ఎగిరిపోయింది. ఈసారి ఆరు వారాల తరువాత రమ్మన్నారు. అప్పుడూ థాంక్యూయే చెప్పాను.

ఇంటికొచ్చాక నాన్న అడిగాడు, "వాళ్ళకి రాసిచ్చింది ఏదిరా?"

"రాసివ్వడమేమిటి నాన్నా, నోటితో చెప్పాగా."

"మా డిపోలో డ్రైవరు దిగగానే లాగ్ షీటులో రాయాలి. 'బ్రేకు బాగాలేదు' అంటే నాకేం తెలుస్తుంది? ఎంత స్పీడులో, ఎటు లాగింది, ఎన్నిసార్లు లాగింది, అది రాయాలి. రాయని రిపేరు జరగదు. నోటి మాట గ్యారేజీ గేటు దాటదు."

అని, తాను డిసెంబరు నుంచీ రాస్తున్న నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టాడు. నేను నివ్వెరపోయాను. ఏ తేదీన, ఎన్ని గంటలకి, ఏ ఊళ్ళో, ఏం జరిగిందీ తెలుగులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుంది. చివర ప్రతిదానికీ ఒక తీర్పు: "బండిది" అనో, "మనది" అనో.

"రాత్రి 2 గం. కుళాయిలు కట్టి ఉండగా పంపు మోగింది. ఎక్కడో జాయింటు కారుతోంది. బండిది." "పోపుకి అలారం మోగింది. కిటికీ తెరవలేదు. మనది." "స్నానాల గదిలో నీళ్ళు నిలిచాయి. బండి ఏటవాలు నేల మీద ఆపారు. మనది." "మలుపులో సొరుగు ఊడింది. గొళ్ళెం నొక్కానని అమ్మాయి చెప్పింది. నేనూ నొక్కి చూశాను, పట్టడం లేదు. బండిది." మొత్తం ఇరవై ఒకటి. బండివి పద్నాలుగు, మనవి ఏడు. తన కొడుకు బండని ఒక్కటి తగ్గించలేదు, డీలరు మీద కోపంతో ఒక్కటి పెంచలేదు.

నిజం చెప్పొద్దూ, అప్పటికీ నాకు భయమే. పరాయి దేశంలో గొడవెందుకు, వాళ్ళేమనుకుంటారో, మన పేరు చెడుతుందేమో అన్న జంకు మనలో చాలామందికి ఉన్నదే. మా ఆవిడ ఊరుకోకుండా సిటిజన్స్ అడ్వైస్ బ్యూరోకి తీసుకెళ్ళింది. అక్కడ సలహా ఉచితం. వాళ్ళు చెప్పిన సంగతులు మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

1993 నాటి కన్స్యూమర్ గ్యారంటీస్ చట్టం 1994 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. సొంత వాడకానికి వ్యాపారి దగ్గర కొన్న వస్తువు పనికొచ్చేదిగా, చూడ్డానికి బాగుండేదిగా, భద్రంగా, మన్నేదిగా ఉండాలి. ఇచ్చిన ధరకీ వస్తువు స్వభావానికీ తగ్గట్టు, చిన్న చిన్న లోపాలు కూడా లేకుండా ఉండాలి. కంపెనీ వారంటీ దీనికి అదనమే గాని బదులు కాదు. ముఖ్యంగా, మనకి అమ్మినవాడే మనకి జవాబుదారీ. పంపు ఎవరు చేశారో, గోడ ఎవరు కట్టారో మనం వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. తగిన వ్యవధిలో బాగుచెయ్యకపోతే వేరేచోట చేయించుకుని ఖర్చు అడగవచ్చు, లేదా బండి వెనక్కి ఇచ్చెయ్యవచ్చు. లోపం పెద్దదైతే బాగుచేసే అవకాశం ఇవ్వకుండానే వెనక్కి ఇవ్వవచ్చు, కాకపోతే దానికి మరీ ఆలస్యం చెయ్యకూడదు. అప్పటికీ తేలకపోతే, డీలరు దగ్గర కొన్న బళ్ళ తగాదాలకు మోటార్ వెహికిల్ డిస్ప్యూట్స్ ట్రైబ్యునల్ ఉంది, లక్ష డాలర్ల దాకా విచారిస్తుంది. ఒక వ్యక్తి దగ్గర సొంతంగా కొన్న పాత బండికి మాత్రం ఈ చట్టం రక్ష లేదు.

నాన్న నోటుబుక్కులోని పద్నాలుగూ ఇంగ్లీషులో పెట్టి, ఫోటోలూ మీటరు అంకెలూ జతచేసి, ఏప్రిల్లో ఉత్తరం రాశాను. "మనవి" అన్న ఏడూ కూడా రాయమన్నాడు నాన్న. "మన తప్పు మనమే చెబితే మిగతావి నమ్ముతారు" అన్నాడు. ఎక్కడా కోపం మాట లేదు. వారంలో ఫోను వచ్చింది. బండి తీసుకెళ్ళి పైకప్పు విప్పారు. గాలికిటికీ చుట్టూ ఒక వైపు సీలెంటే లేదు, చెక్క నల్లబడి ఉంది. కొత్తది వేశారు. పని చేసిన కుర్రవాడు, ఆ జాబితా రాసిందెవరని అడిగాడు. మా నాన్న అని చెబితే, "ఆయన నాకు బాస్ కానందుకు సంతోషం" అన్నాడు. ఆ మాటకి నాన్న మూడు రోజులు నవ్వుకున్నాడు.

పని పూర్తయ్యేసరికి జూన్ సగమైంది. అమ్మా నాన్నల విమానం జూన్ మొదటి వారంలోనే వెళ్ళిపోయింది. పంపు మార్చారు, గోడ మార్చారు, పైసా తీసుకోలేదు. కాని ఆ వేసవిని తిరిగి ఇచ్చే చట్టం లేదు. జనవరిలోనే నేను నోరు విప్పి, కాగితం మీద పెట్టి అడిగి ఉంటే అమ్మ సౌత్ ఐలాండ్ చూసేది. నా థాంక్యూల ఖరీదు అదీ. ఇప్పుడు అమ్మ మోకాళ్ళు అంత దూరం విమానంలో కూర్చోనివ్వవు.

కొత్త బండి కొనేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. తాళాలు తీసుకున్న రోజే వాహన పూజతో పాటు ఒక నోటుబుక్కు కూడా మొదలుపెట్టండి. మొదటి రాత్రి మీ ఇంటి ముందే బండిలో పడుకోండి. పైన గొట్టంతో నీళ్ళు కొట్టి, లోపల గోడలు తడిమి చూడండి. సిగ్గుపడి దాచిన లోపం రెట్టింపవుతుంది.

2025 జనవరిలో మేము నలుగురం సౌత్ ఐలాండ్ వెళ్ళాం. టెకాపో సరస్సు ఒడ్డున రాత్రి పదింటికి వాన మొదలైంది. తెనాలిలో మధ్యాహ్నం రెండున్నర. వీడియోలో ఫోను చేశాను. సరస్సు చూపిద్దామంటే చీకటి. నాన్న అన్నాడు, "సరస్సు సంగతి తరవాత. గోడ మీద చెయ్యి పెట్టి చూడు."

పెట్టాను. "పొడిగా ఉంది నాన్నా."

"మీటరు?"

"పన్నెండు."

"రాసుకో" అన్నాడు. వెనకనుంచి అమ్మ గొంతు, "పిల్లలకి దుప్పటి సరిగ్గా కప్పారా?" అని.

ఇప్పుడెవరైనా బండి ఎలా ఉందని అడిగితే నేను బ్రహ్మాండం అనడం లేదు. నోటుబుక్కు తీసి చూపిస్తున్నాను. మొన్నటికి కొత్తవి మూడు చేరాయి. అందులో రెండు మనవే.