తల్లిప్రతికి తాళం

ఈ పుటలో సాధారణంగా పద్యాల గురించో, పదాల పుట్టుక గురించో నాకు తోచింది రాస్తుంటాను. ఈసారి టపా డిస్క్ ఇమేజి గురించి. తెలుగు పండితుడికి డిస్క్ ఇమేజితో ఏం పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. కొన్నేళ్ళ క్రితం వరకూ ఆ మాటే నాకు తెలియదు. తెలియవలసి వచ్చిన సందర్భం మాత్రం నవ్వుకునేది కాదు. నా పొరపాటు చెప్పుకుంటే మరొకరికి ఉపకరిస్తుందన్న ఆశతో రాస్తున్నాను.

భాషాప్రవీణ పూర్తిచేసి, పండిత శిక్షణ పొంది, గుంటూరు జిల్లాలో ముప్ఫై రెండేళ్ళు తెలుగు చెప్పాను. చదువుకునే రోజుల్లో గ్రంథాలయంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం చూశాను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన వ్యవసాయ పదాల సంపుటం అది. గొర్రు, జడ్డిగం, మేడి వంటి మాటలకు గ్రంథగౌరవం దక్కడం చూసి ఒళ్ళు పులకించింది. మా ఊరి వంటింటి మాటలను అలాగే ఏరి కూర్చాలన్న కోరిక ఆనాడు పుట్టింది. అది తీరడానికి 2001 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడు అప్పుచేసి ఒక కంప్యూటరు కొన్నాను. విండోస్ 98, ఇరవై గిగాబైట్ల డిస్కు, తెలుగు అక్షరాలు కూర్చే ఒక డీటీపీ మృదులాంత్రం.

యూనికోడులో 1991లో వెలువడిన మొదటి కూర్పు నుంచే తెలుగుకు చోటు ఉంది. కానీ విండోస్ 98 దాన్ని చూపలేదు. అందుచేత ఆనాటి మృదులాంత్రాలు ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో మన తలకట్లను, గుడులను, కొమ్ములను ముక్కలు ముక్కలుగా నిలిపేవి. ఆ ఖతి ఉన్నంతవరకూ అది తెలుగు. ఖతి తీసేస్తే పిచ్చి గీతలు. నా పదకోశమంతా ఆ వేషంలోనే పెరిగింది.

2022లో ఆ యంత్రం లేవనని మొరాయించింది. మా ఊరు వచ్చిన పాత శిష్యుడొకడు దాన్ని విప్పి, డిస్కు బయటికి తీసి, మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ఉన్నదున్నట్టు ఒక ఫైలుగా నకలు తీశాడు. దాన్నే డిస్క్ ఇమేజి అంటారట. ఫాబ్రిస్ బెలార్ 2003లో మొదలుపెట్టిన క్యూఎము అనే స్వేచ్ఛా మృదులాంత్రం, ఆ ఫైలును నిజమైన డిస్కుగా భ్రమింపజేసి, కొత్త ల్యాప్‌టాపు కిటికీలో నా పాత విండోస్ 98ను లేపి కూర్చోబెట్టింది. ఆ నీలిమబ్బుల తెర మళ్ళీ కనబడగానే నాకు కన్నీళ్ళు ఆగలేదు.

ఇమేజి ఫైళ్ళను సృష్టించడానికీ, మార్చడానికీ, పరీక్షించడానికీ క్యూఎముతోపాటే వచ్చే పరికరం పేరు క్యూఎము-ఐఎంజీ. దానితో మావాడు నకలును క్యూకౌ-2 అనే రూపంలోకి మార్చాడు. ఆ రూపం ఖాళీ స్థలాన్ని మోయదు. ఇరవై గిగాబైట్ల డిస్కు కాస్తా మూడు గిగాబైట్ల ఫైలయింది. తరువాత దాని మీద రెండో ఫైలు ఒకటి తయారుచేశాడు. ఈ రెండోది పుట్టుకతో దాదాపు శూన్యం. మనం కొత్తగా రాసినవి మాత్రమే దీనిలో చేరతాయి; మిగిలినదంతా చదివేటప్పుడు మొదటి ఫైలు నుంచే తెచ్చి చూపిస్తుంది.

"మాస్టారూ, మొదటిది తల్లి, రెండోది పిల్ల. మీరేం రాసినా పిల్లలోనే రాయండి. తల్లిని మాత్రం ముట్టుకోకండి" అన్నాడు.

నాకు వెంటనే అర్థమైంది. ప్రతికి మూలమైన ప్రతిని పరిష్కర్తలు మాతృక అంటారు. శాస్త్రం వేరైనా మాట ఒకటే!

2023 వేసవిలో మా అక్కయ్య మా ఇంట్లో మూడు నెలలు ఉంది. ఎనభై మూడేళ్ళ మనిషి, జ్ఞాపకం మాత్రం కత్తి. నేను యంత్రం ముందు కూర్చునేవాణ్ణి, ఆమె పక్కన కూర్చుని చెప్పేది. దాలి, సిబ్బి, చుట్టకుదురు, రోకలి పొన్ను, వాసెన. ఊరికే జాబితా చదవమంటే ఒప్పుకునేది కాదు. "ఒరేయ్ తమ్ముడూ, మాట చెప్పమంటే మాట రాదురా. పని చెప్పమను, మాట దానంతటదే వస్తుంది" అనేది. మజ్జిగ చిలకడం మొదలుపెట్టి వెన్న తీసేదాకా చెప్పుకుంటూ పోతే దారిలో పదిహేను మాటలు దొరికేవి. ప్రతి మాటకూ ఆమె నోట వచ్చిన వాక్యాన్నే ఉదాహరణగా ఎక్కించాను. మొత్తం మూడువందల నలభై ఆరోపాలు. కాగితం మీద ఒక్క ముక్క రాసుకోలేదు. కంప్యూటరు ఉండగా కాగితం ఎందుకన్న గర్వం!

మరుసటి సంక్రాంతికి ముందు అక్కయ్య వెళ్ళిపోయింది.

నెల తిరిగాక ఒకనాడు ఆ ఫైలు తెరవాలనిపించింది. తెర మీద రెండు గుర్తులు ఒకే రకంగా ఉన్నాయి. ఏది తల్లో ఏది పిల్లో గమనించుకోకుండా ఒకటి నొక్కాను. విండోస్ మరీ నత్తనడక నడుస్తోందని, వెనుకటి అలవాటు కొద్దీ డీఫ్రాగ్మెంటర్ నడిపించాను. రంగురంగుల చతురస్రాలు వరుసలు కడుతుంటే మురిపెంగా చూస్తూ కూర్చున్నాను కూడా. నేను తెరిచింది తల్లిని. చెదిరిన ఫైళ్ళను ఒక చోటికి చేర్చడం ఆ సరంజామా పని గనుక, తల్లిలోని పుటలన్నీ స్థానాలు మారాయి. పిల్ల దగ్గర ఉన్నదేమో పాత పుటసంఖ్యల సూచిక. మర్నాడు పిల్లను లేపబోతే అది లేవలేదు. అక్కయ్య చెప్పిన మాటలన్నీ అందులోనే ఉన్నాయి.

తప్పు నాదే, సందేహం లేదు. తల్లి ఫైలుకు 'చదవడానికి మాత్రమే' అన్న అనుమతి పెట్టి ఉంటే సరిపోయేదని శిష్యుడు నొచ్చుకున్నాడు. తల్లిని మారిస్తే పిల్ల చెడుతుందన్న హెచ్చరిక వాడుకసూచికలో ఉంది కూడా. 2017 నాటి కూర్పు నుంచి క్యూఎము, నడుస్తున్న ఇమేజిలో మరొకరు చెయ్యిపెట్టి రాయకుండా తాళం వేస్తోంది. అయితే ఆ తాళం యంత్రం నడుస్తున్నంతసేపే. పిల్ల నిద్రపోతుండగా తల్లి మీద ఎవరేం రాసినా అడిగేవారు లేరు.

అప్పటినుంచి ఈ పరికరానికి ఇంకా ఏయే సదుపాయాలు ఉంటే బాగుండునా అని ఆలోచిస్తూ ఒక కోరికల జాబితా రాసుకున్నాను. తయారుచేసేవారి శ్రమ తెలియని అమాయకుడి కోరికలుగానే వీటిని చదవండి.

మొదటిది తాళం. క్యూకౌ-2లో పిల్ల తన తల్లి ఫైలు పేరును గుర్తుపెట్టుకుంటుంది, తల్లి లోపలి స్థితిని గుర్తుపెట్టుకోదు. వీఎంవేర్ వారి రూపంలో తల్లి గుర్తుసంఖ్య ఒకటి పిల్లలో ఉంటుంది; రెండూ కలవకపోతే తెరవనంటుంది. అటువంటి ముద్ర ఇక్కడా కావాలి. ఇంకొక విచిత్రం, తల్లికి తనకు పిల్లలున్నారన్న సంగతే తెలియదు! పిల్లను పుట్టించేటప్పుడే తల్లిలో ఒక గుర్తు రాసిపెట్టి, ఆపైన ఎవరు రాయబోయినా "దీనిమీద ఒక పిల్ల ఆధారపడి ఉంది" అని అడ్డుకుంటే, నాబోటివాడు ఆ ఒక్క క్షణం ఆగి ఉండేవాడు.

రెండోది గ్రంథాంత గద్య. తాళపత్రం రాసిన లేఖకుడు చివర సంవత్సరం, మాసం, తిథి, ఎవరి కోసం రాశాడో చెప్పి, తప్పులుంటే మన్నించమని వేడుకునేవాడు. ప్రతి వయసు మనం కట్టగలుగుతున్నది చాలాచోట్ల ఆ నాలుగు మాటల వల్లనే. ఈ ఇమేజిని 'ఇన్ఫో' ఆజ్ఞతో అడిగితే రూపం, పరిమాణం, తల్లి పేరు చెబుతుంది. ఏ యంత్రం నుంచి, ఎవరు, ఎందుకు తీశారో చెప్పదు. వర్చువల్ బాక్సులో స్నాప్‌షాట్‌కు వివరణ రాసుకునే వీలుంది గాని, అది యంత్రపు అమరికల ఫైలులో ఉంటుంది. డిస్కు ఫైలు ఒక్కటే చేతులు మారితే ఆ మాటలు వెనుకే ఉండిపోతాయి. గద్య గ్రంథంలోనే ఉండాలి కదా!

మూడోది పాఠశోధన. 'చెక్' ఆజ్ఞ పుటల లెక్క సరిచూస్తుంది, పుటలోని రాతను చూడదు. కాలక్రమాన ఒక బైటు చెడినా పట్టుకోదు. ప్రతి పుటకూ ఒక సరిచూపు సంఖ్య ఉంటే చెదపురుగు ఎక్కడ దూరిందో తెలిసేది.

నాలుగోది పాఠాంతరాలు. రెండు ఇమేజిలను 'కంపేర్' చేస్తే ఫలానా బైటు దగ్గర తేడా ఉందని చెప్పి ఊరుకుంటుంది. లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ అనే వేరే పరికరాల సంచిలో ఉన్న వర్ట్-డిఫ్ ఏ ఫైలు మారిందో పేరుతో చెబుతుందట. ఆ నేర్పు మూల పరికరానికే అబ్బితే ఎంత మేలు! బ్రౌన్ దొర (1798–1884) కడపలో పండితులను కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పోల్చి శుద్ధప్రతులు రాయించాడు. ఆయన పండితులు తేడా ఎన్నో అక్షరం దగ్గర ఉందో మాత్రమే చెప్పి ఊరుకుని ఉంటే మనకేం మిగిలేది?

సరే, కథ చివరికి వస్తాను. పిల్లలో రాసిన ముక్కలు సూచిక చెడినా ఫైలులో ఎక్కడో ఉండే ఉంటాయని శిష్యుడు దాని కడుపంతా గాలించి, అక్షరాల్లాంటివన్నీ ఏరి ఒక పెద్ద ఫైలుగా పంపాడు. చూస్తే అంతా పిచ్చి గీతలే. ఆ గీతల్లో ఏది తలకట్టో, ఏది కొమ్మో, ఏ వత్తు ఎక్కడ అతుక్కుంటుందో పట్టిక కట్టుకుంటూ ఆరు వారాలు కూర్చున్నాను. శాసనం చదువుతున్నట్టే ఉంది. "దాలి" మొదట తేలింది. దాని పక్కనే అక్కయ్య వాక్యం, ఆమె గొంతుతో సహా. రెండువందల పన్నెండు ఆరోపాలు యూనికోడులోకి వచ్చాయి. ఇప్పుడు అవి మూడు చోట్ల ఉన్నాయి, నాలుగోది కాగితం మీద.

నూటికి పైగా పోయాయి. వాటిలో ఒకటి నన్ను వదలడం లేదు. చిలకడం అయ్యాక, వెన్నముద్ద తీసేసిన తరువాత, కవ్వం రెక్కలకు అంటుకుని మిగిలే కాస్త వెన్నకు అక్కయ్య ఒక మాట చెప్పింది. చిన్నప్పుడు దాన్ని వేలితో తీసి నా నాలికకు రాసేదట. ఆ మాట విన్నాను, నవ్వాను, నా చేతులతోనే ఎక్కించాను. ఇప్పుడెంత తలచుకున్నా రావడం లేదు. ఏ నిఘంటువులోనూ కనబడలేదు.

మీ ఇళ్ళలో చల్ల చిలికిన పెద్దలు ఎవరైనా ఉంటే ఒక్కసారి అడిగి చూడండి. మాట చెప్పమని కాదు, పని చెప్పమని అడగండి. వాళ్ళు చెప్పింది ముందు కాగితం మీద రాయండి.