కాడల్లేని పూలకు పెట్టె

మా వైపు పూలకు కాడలుండవు. బంతిని తల వరకే తుంచుతాం. చామంతిని కిలోల లెక్కన కొంటాం. మల్లెలూ కనకాంబరాలూ మూరల్లో వస్తాయి. దేవుడి పటానికి దండ, గడపకు తోరణం, జడలోకి మూరెడు. ఇంట్లో పువ్వు పని దాదాపు అంతటితో సరి. ఖిలా వరంగల్‌లో పుట్టి పెరిగినవాడిని, ఇది నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా పొడుగు కాడల పూలు నిలబెట్టుకునే అట్టపెట్టె ఒకటి తయారుచేసి, అందుకు అప్పు చేసి, చేతులు కాల్చుకున్నాను. కాగితం సంగతి తెలియక చేసిన తప్పులు కొన్ని ఉన్నాయి. వాటి గురించి నాకు పెద్దగా సిగ్గు లేదు. మా ఇళ్ల సంగతి తెలిసీ చేసిన తప్పే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

వరంగల్ కొత్తవాడలో నేసే జంపకానాల (దర్రీల) దగ్గర మొదలైంది ఇదంతా. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు చాలా ముందే, 1851 నాటి లండన్ మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్లాయి. అంత పేరున్న నేతను మన దగ్గర పల్చటి పాలిథిన్ సంచిలో కుక్కి అమ్మడం చూస్తే నాకు ఒళ్లు మండేది. టేబుల్ మీద పరిచే సన్నటి దర్రీని చుట్టచుట్టి నిలువుగా ఒక పెట్టెలో పెడితే? దర్రీ తీశాక పెట్టె మూతి అంచులు లోపలికి మడిస్తే అదే ఫ్లవర్‌వాజ్ అయితే? అక్కర్లేనప్పుడు నొక్కేస్తే పలకలా అయిపోయి బీరువా వెనక పడుంటుంది. ఈ ఊహ పూర్తిగా నాది కూడా కాదు. 2020లో శాంసంగ్ కంపెనీ కొన్ని టీవీల పెట్టెల మీద చుక్కలు ముద్రించి, వాటి ప్రకారం కోసుకుంటే పిల్లిగూడో చిన్న అరల బల్లో చేసుకోవచ్చని చెప్పింది. టీవీ పెట్టె ఎంత పెద్దది, ఎంత మందం అట్ట, నాది ఎంత అన్న ఆలోచన రాలేదు.

పెట్టెకు నాలుగు ముఖాలు. మా కోటలో నాలుగు కీర్తి తోరణాలు. ఇంకేం కావాలి? స్వయంభూ శివాలయం నేలమట్టమైనా నాలుగు దిక్కులా ఆ నాలుగు వాకిళ్లు నిలిచే ఉన్నాయి. దాదాపు ఒకే పోలికతో ఉంటాయి. ముఖానికొక తోరణం అచ్చువేసి, పై అంచును తోరణం ఆకారంలోనే కోస్తే, మధ్య ఖాళీలోంచి పువ్వులు పైకి వస్తాయన్నమాట. కాగితం మీద గీసుకున్నప్పుడు ఎంత బాగుందంటే, ఆ బొమ్మ చూపించగానే హైదరాబాద్‌లో కానుకల కొట్టు నడిపే ఒకాయన ఒప్పేసుకున్నాడు. ఆయనా బొమ్మే చూశాడు, నేనూ బొమ్మే చూశాను.

కోట పిచ్చి అక్కడితో ఆగలేదు. కాకతీయ గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేసిన రాతికోట గోడలో పెద్దపెద్ద రాళ్లు సున్నం లేకుండానే ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉన్నాయి కదా, నా పెట్టె కూడా జిగురూ పిన్నూ లేకుండా చీలికల్లో నాలుకలు దూర్చి నిలబడాలనుకున్నాను. రాయికి బరువుంది. దాని బరువే దానికి సున్నం. అట్టకు బరువెక్కడిది? అట్టలో నాలుక చీలికను పట్టుకుని ఉండేది గరుకుతనం వల్ల, కొద్దిపాటి బిగువు వల్ల. రెండుమూడుసార్లు మడిచి విప్పేసరికి ఆ బిగువు పోతుంది. మడతపెట్టుకునే పెట్టె అని పేరు పెట్టి, మడిచిన కొద్దీ వదులయ్యే పెట్టె చేశాను. ఇంకో సంగతి, అడుగున బరువు లేనిదాంట్లో పైన గుత్తిగా పూలు పెడితే ఫ్యాను గాలికే బోర్లా పడుతుంది. ఇది తెలుసుకోవడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు, చదివినవాణ్ణి కాబట్టే తోచలేదేమో.

అన్నిటికన్నా ఖరీదైన తొందర డై చేయించడం. ఈ పనిలో లేనివాళ్ల కోసం చెబుతున్నాను. చెక్కలో ఉక్కు పట్టీలు బిగించి డై చేస్తారు. పదునైన పట్టీ కోస్తుంది, మొద్దు పట్టీ మడత గీత వేస్తుంది. రెండూ ఒకే దెబ్బకు జరుగుతాయి. ఈ పద్ధతి దొరికింది కూడా ఒక పొరపాటు వల్లే. 1879లో బ్రూక్లిన్‌లో రాబర్ట్ గేర్ అనే కాగితపు సంచుల తయారీదారు కార్ఖానాలో విత్తనాల సంచులు అచ్చవుతుంటే, మడత గీయాల్సిన లోహపు పట్టీ ఒకటి ఎత్తుగా ఉండిపోయి సంచుల్ని కోసేసిందట. సరుకంతా పాడైంది. గేర్ మాత్రం, గీయడం, కోయడం ఒకేసారి చేయవచ్చు కదా అని పట్టుకున్నాడు. ఈరోజు మన ఇళ్లకొచ్చే టూత్‌పేస్టు పెట్టె, మందుల పెట్టె అలా కోసి, గీత వేసిన పలకల్ని మడిచి చేసినవే. ఈ కథ చదివి నేను పొంగిపోయాను. తప్పు చేస్తే ఏదో ఒకటి కలిసొస్తుందన్న ధీమా వచ్చింది. గేర్ అప్పటికే కాగితాన్ని క్షుణ్ణంగా ఎరిగినవాడు కాబట్టి తప్పులోంచి లాభం చూడగలిగాడన్న భాగాన్ని వదిలేశాను. డై తయారయ్యాక ఒక్క గీత జరపాలన్నా మళ్లీ డబ్బే. ఉత్త అట్టను కత్తెరతో కోసి నమూనా చేసుకుని ఉంటే ఖర్చు దాదాపు సున్నా.

ఇక అట్ట. మూడు పొరల అట్టలో పైనా కిందా చదును కాగితం, మధ్యలో ముడతల కాగితం. ఆ ముడతను ఫ్లూట్ అంటారు. ఇంగ్లండులో 1856లో ముడతల కాగితానికి మొదటి పేటెంట్ తీసుకున్నది పెట్టెల కోసం కాదు, పొడుగు టోపీల లోపలి అస్తరు కోసం. తర్వాత 1871లో అమెరికాలో సీసాలూ దీపం చిమ్నీలూ చుట్టడానికి వాడారు. ముడతలు నిలువుగా ఉంటే వరసగా స్తంభాలు పెట్టినట్టు పైబరువు మోస్తాయి. అడ్డంగా ఉంటే మోయవు, కూలబడతాయి. నా పెట్టెను నేను అడ్డంగానే కోయించాను. అందుకు రెండు ప్రలోభాలున్నాయి. అలా పేరిస్తే ఒక షీటుకు ఒక పెట్టె ఎక్కువొస్తుంది. పైగా మూల మడతలు శుభ్రంగా వస్తాయి. నిలువు ముడతలున్న అట్టలో నిలువు మడత వేస్తే గీత రెండు ముడతల మధ్య లోయలోకి జారి మూల వంకర పోతుంటుంది. అలా వంకరపోతే నా తోరణం వంకర పోదూ? అందుకని బలాన్ని అమ్మి అందాన్ని కొన్నాను. వానాకాలంలో మధ్యకోటలోని మా గదిలో పెట్టెలు దొంతరగా పేర్చి ఉంచితే, అడుగు వరసలు నడుములు వాల్చేశాయి. కాగితం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పీల్చుకున్న కొద్దీ మెత్తబడుతుంది. పంచింగ్ మెషీన్ దగ్గర పనిచేసే పెద్దాయన మొదటి రోజే షీటును వేళ్లతో వంచి చూసి, “ఫ్లూటు అడ్డం పడ్డది సార్, చూసుకున్నరా?” అని అడిగాడు. చూసుకున్నానని చెప్పాను. చూసుకున్న మాట నిజమే.

ఇప్పుడు నీళ్లు. పూలు పెట్టాలంటే నీళ్లుండాలి. అట్ట పొరల్ని అతికించేది స్టార్చి జిగురు, అంటే మక్కల గంజి లాంటిది. నానితే విడిపోతుంది. అందుకని లోపలివైపు పల్చటి ప్లాస్టిక్ ఫిల్ము అతికించాను. ఫిల్ము ఉన్న చోట నీళ్లు ఆగాయి. కోసిన అంచుల దగ్గర కాగితం నోరు తెరుచుకునే ఉంటుంది కదా, అక్కడినుంచి వత్తిలా పీల్చుకుంది. నీళ్లు పోసిన పూట బాగానే ఉండి, తెల్లారేసరికి అడుగు ఉబ్బేది.

నీళ్లు కారడం చిన్న తప్పు. పెట్టె అడుగున నేను వేయించిన అక్షరాలు పెద్ద తప్పు. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని దేశమంతా నిషేధించారు. ప్లాస్టిక్ లేదని చెప్పుకునే సరుకుకు గిరాకీ పెరిగింది. నా పెట్టె మీద ‘ప్లాస్టిక్ రహితం’ అని వేయించాను, ఫిల్ము అతికించాలని నిర్ణయించక ముందు. అతికించాక ఆ మాట తీయించలేదు. ఫిల్ము ఎంత పల్చన, ఎవరు చూడొచ్చారు, అచ్చు మార్పిస్తే మళ్లీ ఖర్చు అని నాకు నేనే చెప్పుకున్నాను. తడిసి ఉబ్బిన పెట్టెలు కొన్ని తిరిగొస్తే కబాడీ దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణదారు ఒకదాన్ని చింపి, లోపలి ఫిల్ము గోటితో లాగి చూపించాడు. “అన్నా, గిది అట్టల్ల పోదు, ప్లాస్టిక్ల పోదు. ఏడ పెట్టుకోవాలె?” అన్నాడు. కాగితం మిల్లులో పాత అట్టను నీళ్లలో నానబెట్టి గుజ్జు చేస్తారు. ఫిల్ము కరగదు, దాన్ని అంటుకున్న నార దాంతోపాటే చెత్తలో పోతుంది. ఉత్త అట్టపెట్టె అయితే ఎవరైనా కొనేవారు. రెండో జన్మ ఇస్తానని బయలుదేరి దానికి మామూలుగా దక్కే రెండో జన్మను కూడా నేనే తీసేశాను. ఈ పని వ్యాపారంలో పొరపాటు అనిపించుకోదు, అబద్ధం. కానుకల కొట్టాయనకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన తిట్టలేదు, మిగిలిన ఆర్డరు మానేశాడు. చేయాల్సిందే చేశాడు.

పెట్టె కొన్నవాళ్లలో తెలిసినవాళ్ల ఇళ్లకు వెళ్లి చూశాను, ముందే చేయాల్సిన పని. ఒకరింట్లో దువ్వెనలు, ఒకరింట్లో కరెంటు బిల్లులు, ఒకరింట్లో అగరుబత్తీలు. ఒకచోట పిల్లవాడి రంగు పెన్సిళ్లు. పువ్వులు ఎక్కడా లేవు. దర్రీ నేసిచ్చిన కొత్తవాడ పెద్దమ్మకు మొదట్లోనే ఒక పెట్టె ఇచ్చి ఉన్నాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, “మంచిగనే ఉన్నది గని బిడ్డా, గిండ్ల ఏం పువ్వులు పెడుతరు? కాడలు యాడియి?” అంది. నేను గులాబీలు, లిల్లీలు అని ఏవో చెప్పాను. “అవి కొనుక్కరావాల్నా?” అని అడిగింది. అంతే. నా దగ్గర జవాబు లేదు. ఫొటో తీసినప్పుడు పెట్టెలో పెట్టిన పూలు కూడా కొనుక్కొచ్చినవే, పెట్టె కంటే వాటికే ఎక్కువైంది.

కాడలతో పువ్వు మా ఇళ్లలోకి వచ్చే రోజులు లేకపోలేదు. బతుకమ్మ ముందర గునుగు, తంగేడు చేలల్లోంచి మోపులుగా వస్తాయి. తంగేడు తెచ్చిన పూటే వాడుతుంది. గునుగు అలా కాదు, పుట్టడమే సగం ఎండినట్టు పుడుతుంది. కోసి నీడన ఉంచితే ఆకారం చెడకుండా నెలల తరబడి నిలుస్తుంది, నీళ్లు అడగదు. కొసలను రంగుల్లో ముంచి బతుకమ్మలో పేర్చడం ఆడవాళ్లకు తెలిసిన పనే. సద్దుల బతుకమ్మ నాడు పేర్చగా మిగిలిన గునుగును పెద్దమ్మ నా పెట్టెలో నిలబెట్టింది. పెట్టె పడిపోకుండా లోపల ఒక ఖాళీ కల్లు సీసా పెట్టింది. కాకతీయ తోరణం లోపల కల్లు సీసా! నవ్వొచ్చింది కానీ, నేను ఫిల్ముతో, చీలికలతో సాధించలేనివి రెండూ ఆ సీసా ఒక్కటే చేసిపెట్టింది. బరువు ఇచ్చింది. ఎవరికైనా పచ్చి పూలు పెట్టాలనిపిస్తే నీళ్లు అట్టకు తగలకుండా దాంట్లోనే ఉంటాయి.

ఇప్పుడు చేసేది అలాంటి పెట్టె. అడుగున సీసా కూర్చునేంత చదరం, ముడతలు నిలువుగా, ఫిల్ము లేదు, అడుగు మాత్రం జిగురుతో అతికిస్తాం. మూలలు కాస్త వంకరగా ఉంటాయి, తోరణాన్ని అంచు దాకా జరపకుండా ముఖం మధ్యకు తెచ్చాం కాబట్టి అంతగా కనపడదు. కొత్త డై చేయించే ముందు తెల్ల అట్టతో చేసిన నమూనాలు పెద్దమ్మ ఇంట్లో, వాళ్ల వాడకట్టులో కొన్నాళ్లు ఉంచాను. పెట్టె మీద ఫ్లవర్‌వాజ్ అన్న మాట లేదు. దువ్వెనలు పెట్టుకునేవాళ్లు దువ్వెనలు పెట్టుకుంటున్నారు. గిరాకీ ఓ మోస్తరు. పాత అప్పు ఇంకా తీరలేదు.

పెట్టెలు చేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది ఒకటే. డై అడ్వాన్సు ఇవ్వకముందు కత్తెరతో ఒకటి కోసి, దాన్ని వాడబోయే ఇంట్లో పెట్టి రండి. కొన్నవాళ్లను అడిగేది కూడా ఒకటే. మా పెట్టె గానీ, ఎవరి పెట్టె గానీ, పారేసే ముందు ఒకసారి చింపి లోపల చూడండి. ఫిల్ము కనిపిస్తే చేసినవాళ్లను నిలదీయండి. ఉత్త అట్టే అయితే తడి తగలకుండా పలకగా నొక్కి కబాడీకి వేయండి. తడి అట్టను కొనడానికి కబాడీవాళ్లు వెనకాడతారు.