చేను అమ్మని చదువు: గోటింగెన్ పట్టణము

పిల్లలను పరదేశమునకు చదువ బంపవలెనను తలంపు పుట్టగనే మన యిండ్లలో మొదట పెట్టెనుండి వెలికివచ్చునది పుస్తకము గాదు, పొలము దస్తావేజు. మా పెద్దయాడుబిడ్డగారి యింటను అట్లే జరిగెను. ఆమె భర్త గతించినారు. తెనాలి ప్రాంతమున రెండెకరముల మాగాణి తప్ప వేఱాధారము లేదు. ఒక్కతే కూతురు. ఆ పిల్ల భౌతికశాస్త్రమున డిగ్రీ రెండవ యేడు చదువుచుండగా పట్టణమునుండి మధ్యవర్తి యొకడు వచ్చి, ఏటికి ఇరువదియైదు లక్షల రూపాయల ఫీజు గల కళాశాల నొకదానిని జూపి, పొలమునకు బేరగానిని గూడ తానే కుదిర్చెదనని చెప్పెను.

మావారు బడిపంతులు, లెక్కలు చెప్పువారు. ఆ లెక్కను కాగితముపై వేసి చూచి, “అక్కయ్యా, తొందరపడకుము. చేను అమ్మకుండ చదువు దొరకు చోటెచ్చటనైన నున్నదేమో చూచి చెప్పెదను” అనిరి. అట్లు వెదకగా దొరికినది జర్మనీ దేశములోని గోటింగెన్ విశ్వవిద్యాలయము. 2024 అక్టోబరులో పిల్ల యచటికి బోయెను. తల్లి మనసు నిలువక “మీరైన కన్నులార చూచి రండు” అని బ్రతిమాలగా, 2025 వేసవిలో చీటీ పాడిన సొమ్ముతో టిక్కెట్లు కొని మేమిరువురమును పోయితిమి. అచట చూచినదియు లెక్కగట్టినదియు సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ఫ్రాంక్‌ఫర్టునుండి రైలులో రెండు గంటల ప్రయాణము. గోటింగెన్ లైనె యను చిన్న నది దరినున్న యూరు. పాతయూరి చుట్టును పూర్వపు కోటకట్ట యున్నది. ఇప్పుడది చెట్లనీడ గల నడకదారి. దానిమీద నడచినచో గంటసేపటిలో ఊరు చుట్టి రావచ్చును. వీధులలో ఎటుచూచినను సైకిళ్లే. పాత పురమందిరము ముందఱ బాతులను బట్టుకొన్న బాలిక కంచుబొమ్మ యొకటి కలదు. 1901లో నిలిపిన యా బొమ్మను గాన్సెలీజెల్ అందురు. డాక్టరు పట్టమందినవారు స్నేహితులతో ఊరేగి వచ్చి, పైకెక్కి, ఆ బాలికను ముద్దిడి పూవు లర్పించుట యచటి యాచారము. మేము చూచిన దినమున పూవులర్పించినది యొక యువతి. క్రింద నిలిచి కన్నులొత్తుకొనుచున్న వృద్ధురాలు ఆమె తల్లియే యని వేఱుగ నెవరును చెప్పనక్కఱలేకపోయెను.

ఈ విశ్వవిద్యాలయము 1737లో ప్రతిష్ఠితమైనది. పుణ్యపురమున దక్కను కళాశాలలో సంస్కృతము చెప్పిన కీల్‌హార్న్ పండితుడు 1882నుండి యిచ్చటనే ఆచార్యుడై యుండెను. పతంజలి మహాభాష్యమునకు ఆయన పరిష్కరించిన ప్రతినే పండితులు నేటికిని ప్రమాణముగా గొందురు. ఇంటియొద్ద తండ్రిగారి పాదములకడ వ్యాకరణము చదివిన మాకు, ఆయన నడచిన వీధిలో నడచుట తీర్థయాత్రవలె దోచెను. ఇచ్చటనే ఎమ్మీ నోయ్‌తర్ అను గణితవిదుషి 1915లో వచ్చి, స్త్రీ యగుటచే తన పేరున పాఠము చెప్పుట కనుజ్ఞ లేక, కొన్నియేండ్లు హిల్బర్టు పండితుని పేరిట చెప్పవలసివచ్చెను. 1919లో ఆమెకా యధికారము లభించెను. 1933లో యూదురాలని నాజీ ప్రభుత్వము తొలగించెను. నేడు ఆ భౌతికశాస్త్రపు తరగతులలో తెనాలి పిల్ల కూర్చుండుట చూచి మావారు చాలసేపు మాటాడలేదు.

ఇక లెక్కకు వచ్చెదము. గోటింగెన్ దిగువ సాక్సనీ రాష్ట్రములోనిది. ఆ రాష్ట్రము 2014లో విద్యార్థుల ఫీజును ఎత్తివేసెను. విదేశీయులకును ఆ సౌకర్యమే. ఆఱునెలల కొకమారు నాలుగువందల యూరోల కటునిటుగా చందా కట్టిన జాలును. అందులో విద్యార్థుల భోజన వసతుల సంఘమునకు కొంత, రైలు బస్సుల ప్రయాణమునకు కొంత పోవును.

“అట్లయిన ఊరకయే గదా!” అని తల్లులు సంతోషింతురు. కాదు. చదువునకు వెల లేదు గాని బ్రదుకునకు వెల యున్నది. ఒక యేటి పోషణకై 11,904 యూరోలు ముందుగా నిలువచేసి చూపిననే సాధారణముగా వీసా దొరకును. ఈ మొత్తము 2024 సెప్టెంబరున నిర్ణయింపబడినది. ఆనాటి మారకమున అది పదునొకండు లక్షల రూపాయలు. 2025 చివరకు యూరో నూఱు రూపాయలు దాటుటచే పండ్రెండు లక్షలకు పైబడినది. అయితే అది యెవరికో కట్టెడి ఫీజు గాదు. పిల్ల పేరనే యుండి, నెలకు 992 యూరోల చొప్పున ఆమె చేతికే తిరిగివచ్చును. మా యాడుబిడ్డగారు సగము బ్యాంకు అప్పుగా దెచ్చి, తక్కినదానికి నగలు కుదువబెట్టిరి. చేను మాత్రము నిలిచినది.

పిల్ల తన లెక్కల పుస్తకమును మాముందు పెట్టెను. వసతిగృహములో గది యద్దె 320 యూరోలు, ఆరోగ్యబీమా సుమారు 140, తిండికి రెండువందలు. పగలు విద్యార్థుల భోజనశాల, రాత్రి తానే వండుకొన్న పప్పు, అన్నము. గ్రంథాలయమున వారమునకు పదిగంటలు పనిచేయును. విదేశ విద్యార్థి యేటికి 140 పూర్తిదినములు గాని 280 అరదినములు గాని పనిచేయవచ్చునని అచటి శాసనము. కనీసపు కూలి 2025లో గంటకు 12.82 యూరోలు, 2026 జనవరినుండి 13.90. నెలకు ఐదువందలకు పైగా వచ్చుచున్నది. అయినను రెండవయేటి యనుమతికి మరల సొమ్ము చూపవలెను గనుక ఆమె ప్రతి నాణెమును ఎంచుకొనుచున్నది. “అత్తయ్యా, పరీక్షల నెలలో పని మానుకొందును. ఆ నెలకొఱకు ముందే దాచియుంచితిని” అనెను. ఆ యొక్క మాటతో మా భయము సగము తీఱెను.

కాని రూపాయలలో లెక్కింపరాని మూల్యము వేఱొకటి కలదు. అది భాష. ఆమె తరగతులు ఇంగ్లీషునందే జరుగును. బజారు, వైద్యుడు, గది యజమాని, రేపటి యుద్యోగము, ఇవన్నియు జర్మనులో. మావారు దీనిని ముందే గ్రహించి, డిగ్రీ రెండవ యేటనే ఆమెను జర్మను పాఠములకు జేర్చిరి. మా దగ్గఱ శబ్దమంజరి వల్లించిన పిల్లకు మూడు లింగములు, నాలుగు విభక్తులు భారము గాలేదు. “బాలిక యను మాట నపుంసకలింగమట, అత్తయ్యా!” అని నవ్వగా, “భార్య యను నర్థమున కళత్రము నపుంసకము, దారశబ్దము పుంలింగము గాదా! మనమేల నవ్వవలెను?” అని చెప్పియుంటిమి. గ్రంథాలయపు పని దొరకినది ఆ భాషవలననే. చేను చెల్లింపవలసిన వెలను పిల్ల రెండేండ్ల తెల్లవారుజాములు చెల్లించెను.

మన తెలుగువారికీ త్రోవ క్రొత్తది గాదు. భీమవరమున బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో మామగారి సాయముతోను, కాకినాడలోని సత్యలింగనాయకరు ధర్మనిధి యాదరువుతోను అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేయుచు హార్వర్డులో చదివెను. లోకమున కెన్నో మందుల నిచ్చెను గాని, ఇల్లు చేరకయే 1948లో కన్నుమూసెను. ఆయన భార్య యీ దేశముననే యెదురుచూచుచు నుండిపోయెను. చౌకచదువు లెక్కలో ఈ పద్దును గూడ వ్రాయుట న్యాయము. మా పిల్లయు చదువు ముగిసినపిమ్మట ఉద్యోగము వెదకుకొనుటకు పదునెనిమిది నెలలు అచట నుండవచ్చును. మరలివచ్చునో లేదో ఆమె తల్లి అడుగలేదు, మేమును అడుగలేదు.

తెఱచిన తలుపు లెల్లప్పుడు తెఱచియుండవు. జర్మనీలోనే బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రము 2017నుండి ఐరోపాసంఘమునకు వెలుపలివారిపై ఆఱునెలలకు 1,500 యూరోలు విధించెను. మ్యూనిచ్ సాంకేతిక విశ్వవిద్యాలయము 2024లో అంతకెక్కువ ఫీజు మొదలిడెను. నార్వేదేశము 2023లో ఉచితవిద్యను విదేశీయులకు నిలిపివేసెను. కావున ఎవరో చెప్పిన మాట నమ్మక, ఆ యేటి నిబంధనలను విశ్వవిద్యాలయమువారి ప్రకటనలోనే చదువవలెను. జర్మనీకి బోవు మన విద్యార్థులు 2022 నవంబరునుండి తమ పట్టాలను ఏ.పి.ఎస్. అను కార్యాలయముచే పరీక్షింపించుకొనవలెను. దానికే కొన్ని వారములు పట్టవచ్చును. కేంద్రప్రభుత్వపు విదేశ విద్యార్థివేతనము, తెలంగాణలో అంబేద్కర్ విదేశ విద్యానిధి మొదలగునవి అర్హులైన వెనుకబడిన కుటుంబములకు కలవు. 1925లో స్థాపితమైన డాడ్ అను జర్మను సంస్థయు కొందఱికి వేతనము లొసగును.

పిల్ల డిగ్రీలో చేరిన యేటనే తల్లి ఈ లెక్క మొదలిడవలెను. చివరి యేట మొదలిడిన, దగ్గఱనుండు త్రోవ మధ్యవర్తి చూపునదొక్కటే యగును. ముందుగా మొదలిడిన, భాష నేర్చుకొనుటకును, పత్రములు కూర్చుకొనుటకును, తల్లి మనసు కుదుటపడుటకును గూడ వ్యవధి యుండును. మా యాడుబిడ్డగారి చేనిలో ఈ యేడును వరి నాటిరి.