కొలువు బొమ్మ

కోనసీమలో మండువా లోగిళ్లు పడగొట్టేటప్పుడు టేకు గుమ్మాలు, స్తంభాలతో పాటు కొలువు బొమ్మల పెట్టెలూ బేరానికొస్తుంటాయి. ఈ జానెడు పింగాణీ కృష్ణుడు అలా వేలంపాటలో నా చేతికొచ్చాడు. తిరగేస్తే మెరుపు పట్టని గరుకు అడుగు, బట్టీలో గాలి పోవడానికి వదిలిన చిల్లు, పక్కన 'మేడిన్ జర్మనీ' ముద్ర. 1887 నాటి బ్రిటిష్ చట్టం తర్వాత ఇలాంటి ముద్రలు వాడుకలోకొచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మన్ కార్ఖానాలు మన దేవుళ్లను పోతపోసి ఓడలకెక్కించేవి.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ ముందు చాలాసేపు నిలబడ్డాను. 1710లో మొదలైన మైసెన్ కార్ఖానా పనితనం ముందు మా కృష్ణుడు నాటుగానే కనిపిస్తాడు, నిజమే. కానీ ఈయన నుదుటి మీది సన్నటి బీటలో కుంకుమ ఇంకిపోయి ఉంది. ఎన్ని సంక్రాంతులదో! గోదావరి ఎరగని చెయ్యేదో ఈ కళ్లు దిద్దింది, జర్మనీ ఎక్కడుందో తెలియని ముత్తయిదువ బొట్టు పెట్టింది. ఒకరినొకరు చూడకుండానే ఇద్దరూ కలిసి ఒక్క ముఖాన్ని పూర్తిచేశారు.

కడిగిస్తే ధర పెరుగుతుందన్నారు. నాకు మనసొప్పలేదు. వచ్చే పండక్కి మనవరాలు మెట్లు కడుతుందట. ఏ మెట్టు మీద పెట్టాలో దాని ఇష్టం.