లేదంటే లేనట్టేనా?

కిరాణా కొట్టాయన 'లేదండీ' అంటే 'లోపల ఓసారి చూడవయ్యా' అంటాం. బ్యాంకులో గుమస్తా లేదంటే మేనేజరు దగ్గరికి వెళ్తాం. అదే కంప్యూటర్ 'సున్నా ఫలితాలు' అందనుకోండి... నోరు మూసుకుని ఇంటికొచ్చేస్తాం. యంత్రం అబద్ధం ఆడదని అంత నమ్మకం! నిజమే, అబద్ధం ఆడదు. కానీ అది లేదన్నంత మాత్రాన లేనట్టు కాదని మా పెద్దమ్మ పుణ్యమా అని నాకు తెలిసొచ్చింది.

పెద్దమ్మది ఆత్రేయపురం. గోదావరి పాయల మధ్య, లొల్ల లాకులకు దగ్గర్లో ఉన్న ఊరు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమెకు తెలిసిన పని ఒక్కటే... పూతరేకులు తీయడం. 1998లో ఓ పత్రిక ఆదివారం సంచికలో ఆ ఊరి రేకుల మీద వ్యాసం వచ్చింది. అందులో పెద్దమ్మ ఫొటో పడింది. నాకప్పుడు ఏడెనిమిదేళ్లు. ఆ కాగితం చాలా ఏళ్లు దేవుడి గూట్లో ఉండేది. తర్వాత చెదలు తినేశాయి.

2023 జూన్‌లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకున్న తయారీదారుల సంఘం దరఖాస్తు చేసి సాధించిన గుర్తింపు అది. ఊరికి కెమెరాలు వచ్చాయి. అప్పట్నుంచీ పెద్దమ్మకు ఒకటే ధ్యాస. "ఒరే అబ్బాయ్, నా ఫొటో పాతికేళ్ల కిందటే పేపర్లో పడిందంటే మనవరాలు నమ్మట్లేదురా. నువ్వు పేపర్లోనే పనిచేస్తున్నావు కదా, కాస్త తెచ్చిపెట్టు. కళ్లు పూర్తిగా మసకేసేలోపు నేనూ ఓసారి చూసుకుంటాను" అంది.

ఏ పత్రికో గుర్తులేదు. ఏ నెలో గుర్తులేదు. 'మామిడిపండ్ల రోజులు' అన్నది ఒక్కటే ఆధారం. పాత పత్రికలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించిన ఓ భాండాగారం నాకు తెలుసు. పేరెందుకులెండి. అక్కడికి వెళ్లి 'పూతరేకులు' అని కొట్టాను. సున్నా. 'ఆత్రేయపురం' అని కొట్టాను. సున్నా!

లక్షల పేజీల్లో పూతరేకుల మాటే లేదా? అక్కడ సర్వర్లు చూసుకునే కుర్రాడికి చెబితే నవ్వాడు. "అన్నా, కచ్చితంగా వచ్చిందని మీకు తెలిసిన వార్త ఒకటి చెప్పండి" అన్నాడు. 2023 నాటి గుర్తింపు వార్త చెప్పాను. అతను వెతకలేదు. తేదీ చూసి నేరుగా ఆ రోజు పేపరు తెరిచాడు. వార్త అక్కడే ఉంది, పెద్దక్షరాల్లో! "సరుకు గోదాంలోనే ఉంది. చిట్టాలోనే లేదు" అన్నాడు.

ఆ చిట్టా సంగతి తెలియాలంటే లావుపాటి పుస్తకాల చివర ఉండే పదసూచిక గుర్తుచేసుకోండి. ఏ మాట ఏయే పేజీల్లో ఉందో అందులో ఉంటుంది. మనం వెతికినప్పుడు కంప్యూటర్ లక్షల పేజీలూ చదవదు. అలా చదివితే తెల్లారిపోతుంది. ముందే తయారుచేసి పెట్టుకున్న ఇలాంటి సూచికను చూసి చెబుతుంది. దీన్నే ఇండెక్స్ అంటారు. సూచికలో మాట లేకపోతే, పేజీలో ఉన్నా లేనట్టే లెక్క.

మరి సూచిక ఎందుకు ఖాళీ అయింది? అక్కడున్నది ఒక సర్వరు కాదు, రెండు. జంటగా పనిచేస్తాయి. ఈ ఏర్పాటును క్లస్టర్ అంటారు. మొదటిది ఆగిపోతే రెండోది ఆ పని అందుకుంటుంది. సమాచారం దాచే డిస్కులు ఇద్దరికీ ఉమ్మడి. అందుకే ఒకటి పడిపోయినా బయటివాళ్లకు తేడా తెలియదు.

ఇది పెద్దమ్మ పొయ్యి దగ్గర పెట్టి చూస్తే సులువుగా అర్థమవుతుంది. నానబెట్టిన జయ బియ్యాన్ని పాలలా జారుగా రుబ్బుతారు. బోర్లించిన కుండ కింద మంట పెడతారు. పల్చటి గుడ్డను ఆ పిండిలో ముంచి కుండ మీద లాగితే చాలు, క్షణంలో కాగితంకన్నా పల్చటి రేకు ఊడివస్తుంది. ఒకామె అలసిపోయి లేస్తే ఇంకొకామె వచ్చి కూర్చుంటుంది. పిండి అదే, కుండ అదే, మంట అదే. కానీ మొదటామె గుడ్డ కూడా పట్టుకుపోయిందనుకోండి... రెండో ఆమె ఎంతసేపు కూర్చున్నా ఒక్క రేకూ రాదు.

అక్కడ జరిగింది సరిగ్గా అదే. ఫైల్లోంచి అక్షరాలను బయటికి లాగే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. దాన్ని ఫిల్టర్ అంటారు. మొదటి సర్వర్లో దాన్ని పెట్టారు. రెండో దాంట్లో పెట్టలేదు. మొదటిది ఆగిపోయిన రాత్రి రెండోది పని అందుకుంది. మామూలు ప్రకారం సూచికను మొదటినుంచి మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. ఒక్కో ఫైలూ తెరిచింది, అక్షరాలు రాలేదు, పక్కన పెట్టేసింది. తెల్లారేసరికి 'పని పూర్తయింది' అని చూపించింది. సూచికలో మాత్రం మాటల్లేవు!

పూర్తయిందన్న మాట దగ్గరే ఆగిపోతే ఈ గుట్టు ఎప్పటికీ తెలిసేది కాదు. కుర్రాడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూశాడు. గోదాంలో ఫైళ్లు ఎన్ని, సూచికలో మాటలు ఎన్ని అని. తర్వాత ఆ రాత్రి దినచర్యను, అంటే లాగ్‌ను తెరిచాడు. ప్రతి ఫైలు పక్కనా ఒకటే ఫిర్యాదు. రెండో సర్వర్లోనూ ఫిల్టర్ పెట్టి, సూచికను మళ్లీ కట్టమన్నాడు. అంతటితో ఊరుకోలేదు. కావాలనే ఓసారి పనిని ఒక సర్వర్ నుంచి రెండోదానికి మార్చి, అటువైపు నుంచీ వెతికి చూశాడు. జంట సర్వర్లున్నచోట ఈ పరీక్ష చేయకపోతే జబ్బు సగమే నయమైనట్టట.

రెండు రోజులు పట్టింది. ఈసారి 'పూతరేకులు' అంటే వార్తలు వరసకట్టాయి. గుర్తింపు వార్త వచ్చింది. పండగ వ్యాసాలు వచ్చాయి. పెద్దమ్మ మాత్రం రాలేదు.

"అది తెలుగు తంటా అన్నా" అన్నాడు కుర్రాడు. అప్పటి పత్రికలు ఎవరి ఫాంట్లు వారు వాడుకునేవి. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన అంకెల మీదే తెలుగు బొమ్మలు కూర్చోబెట్టేవారు. తెరమీద చూస్తే చక్కటి తెలుగు. లోపల కంప్యూటర్‌కు కనిపించేది మాత్రం అర్థంలేని ఇంగ్లీషు ముక్కలు. 1991లోనే యూనికోడ్ తెలుగు అక్షరాలకు సొంత అంకెలిచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో తెలుగు మన కంప్యూటర్లలోకి వచ్చింది. దాంతో వచ్చిన తెలుగు ఫాంటు పేరేంటో తెలుసా? గౌతమి! మన గోదావరి పాయ పేరే. అయినా పత్రికలు పాత ఫాంట్లను వదలడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈ భాండాగారంలో పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చారుగానీ, కొన్ని నెలల కట్ట ఒకటి అలాగే ఉండిపోయింది. దాన్నీ మార్చి సూచికలో చేర్చారు.

మళ్లీ వెతికాం. మళ్లీ లేదు!

ఇక మిగిలింది మాటల స్వభావమే. మనం 'పెళ్లి' అని రాస్తాం, 'పెళ్ళి' అనీ రాస్తాం. మనకు రెండూ ఒకటే, సూచికకు వేర్వేరు. 'రైతు'లోని ఐత్వాన్ని ఒక్క గుర్తుగానూ దాచొచ్చు, రెండు ముక్కలుగానూ దాచొచ్చు. కంటికి తేడా ఉండదు. రెంటినీ ముందే ఒకే రూపంలోకి తేకపోతే యంత్రానికి తేడానే. పైగా మన విభక్తులు మాటకు అతుక్కుపోతాయి. 'ఆత్రేయపురం' అని వెతికితే 'ఆత్రేయపురంలో' తగలకపోవచ్చు. 'ఆత్రేయపురం'తో మొదలయ్యేవన్నీ చూపమన్నా 'ఆత్రేయపురానికి', 'ఆత్రేయపురాన్ని' జారిపోతాయి. ఎందుకంటే వాటిలో సున్నా లేదు.

కుర్రాడు ఆ సున్నా తీసేశాడు. 'ఆత్రేయపుర' అన్నంతవరకే కొట్టి, వెనక ఏమున్నా సరే అని అడిగాడు. 1998 మే నెల కట్టలోంచి ఓ పేజీ వచ్చింది. పొయ్యి ముందు కూర్చున్న మా పెద్దమ్మ! వ్యాసంలో ఆ మిఠాయి పేరును 'పూత రేకులు' అని విడదీసి రాశారు. ఊరి పేరేమో 'ఆత్రేయపురానికి' అని ఒకేఒక్క చోట ఉంది.

ఫొటో దొరికింది కదా, అంతటితో కథ కంచికి అనుకోవచ్చు. కానీ ఓటరు జాబితాలో పేరు లేదని వెనక్కి తిరిగేవాళ్లు, భూమి రికార్డు కనిపించడం లేదని కంగారుపడేవాళ్లు మన చుట్టూ ఎందరో. వాళ్లు అడిగిన మాటకూ లోపల రాసి ఉన్న మాటకూ మధ్య ఒక్క ఒత్తో, ఒక్క ఖాళీయో తేడా ఉండొచ్చు. అందుకే పేరుతో దొరకకపోతే నంబరుతో అడగండి. ఓటరు కార్డు నంబరుకూ, సర్వే నంబరుకూ ఒత్తులూ దీర్ఘాలూ ఉండవు. పేరుతోనే వెతకాల్సి వస్తే మాట చివర కోసి వెతకండి, విడదీసి వెతకండి. కచ్చితంగా ఉందని తెలిసిన దాన్ని ఒకదాన్ని ముందు అడిగి చూడండి. అదీ లేదంటే, తప్పు మీ కాగితంలో లేదు, సూచికలో ఉంది. కౌంటర్లో ఉన్నాయన్ని ధైర్యంగా 'లోపల ఓసారి చూడండి' అనండి.

పేజీని పెద్దగా ప్రింటు తీయించి ఆత్రేయపురం తీసుకెళ్లాను. పెద్దమ్మ ఫొటోను ఓసారి నిమిరి, మనవరాలి చేతికిచ్చి చదవమంది. ఆ అమ్మాయి 'వేడి పెనం మీద గుడ్డతో పిండి లాగుతారు' అన్న వాక్యం దగ్గరికి వచ్చిందో లేదో, పెద్దమ్మ అడ్డుపడింది.

"పెనమేంటే, నా తల! కుండ కదా! ఇన్నేళ్లూ ఎవరూ దిద్దలేదా దీన్ని?"