మిరుగం కబుర్లు

రోహిణి ఎండలు సద్దుమణిగాయి, మిరుగం, అదే మృగశిర కార్తె, వచ్చేసింది. చేపల మార్కెట్లో కాలు పెట్టే సందు లేదు, విత్తనాల దుకాణాల ముందు తెల్లారకముందే లైను. పాలమూరు, నల్లగొండ ఊళ్లలో ఈ హడావిడి మధ్యే ఇంకో రకం చుట్టాలు దిగుతుంటారు: భుజాన సంచి, చేతిలో ట్యాబు, మొహం నిండా మొహమాటం. పరిశోధకులన్నమాట! "రాత్రి ఏం వండిండ్రమ్మా? నూనె ఎంత పోసిండ్రు?" అని అడిగి మరీ రాసుకుంటారు. పెళ్లయిననాటి నుంచి ఇంటాయన ఒక్కసారీ అడగని ప్రశ్నలని అమ్మలక్కలకు ఒకటే నవ్వు.

అన్నట్టు, ఈ ఆరా ఈనాటిది కాదు. పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ 1975లోనే దేవరకద్ర వైపు డోకూరునూ, మాడ్గుల వైపు అవురుపల్లినీ ఎంచుకుని ఇంటింటి లెక్కలు రాయడం మొదలుపెట్టింది. ఎంత పండింది, ఎంత అప్పు, ఎవరికి కూలి, మేకలెన్ని, అన్నీ! ఆ రెండూళ్ల జమాఖర్చులు అమెరికా విశ్వవిద్యాలయాల దాకా వెళ్లాయి. పక్కింటివాళ్లకు కూడా చెప్పని అప్పు సంగతి అట్లాంటిక్ దాటిందంటే చూడండి.

ఇక పందేల ముచ్చట. రైతుకు తెగువ ఎంతో తేల్చడానికి ఓ ఆర్థికవేత్త ఊళ్లలో బొమ్మా బొరుసా ఆడించాడు. డబ్బులు నిజమైనవే, గెలిచినవాళ్లు జేబులో వేసుకుపోవచ్చు. పందెం పెద్దదయ్యేకొద్దీ ఉన్నోళ్లూ లేనోళ్లూ దాదాపు ఒకేలా వెనకాడారని 1980లో అచ్చేశారు. ఏటా బోరు మీద, వాన మీద పందెం కాసేవాళ్లు నాణెం దగ్గర జాగ్రత్తపడరా మరి?

పెళ్లిళ్ల సీజన్ అయిపోయింది కదా, ఆ కబురూ ఒకటుంది. ఆ పటాన్‌చెరు సంస్థ రాసిన లెక్కలే ముందేసుకుని 1989లో ఇద్దరు పండితులు ఓ సిద్ధాంతం తేల్చారు: పంట రాబడి నిలకడగా లేని ఇళ్లవాళ్లు ఆడపిల్లల్ని దూరపు ఊళ్లకిస్తారట. ఇక్కడ వాన ఎగ్గొట్టినా వియ్యంకుడి ఊళ్లో పడుతుంది, కాస్త ఆసరా దొరుకుతుందని. సమీకరణాలన్నీ సరే, సంబంధం చూసిన పెద్దమ్మను అడిగితే ఒక్క మాటలో చెప్పేది.

వాన అంటే గుర్తొచ్చింది. వాన తక్కువైతే డబ్బిచ్చే బీమాను మన దేశంలో 2003లో మొదటగా రుచి చూసింది పాలమూరు రైతులే. జాగ్రత్తపరులు ఎగబడి కొంటారని పండితులు అనుకున్నారు. తీరా చూస్తే భయస్తులే తక్కువ కొన్నారు! అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయకపోవడమూ జాగ్రత్తే కదండీ. అదే జిల్లాలో తొలకరి ఎప్పుడొస్తుందనుకుంటున్నారో తెలుసుకోవడానికి కార్తెల గళ్లు గీసిన కాగితమిచ్చి, వాటి మీద రాళ్లు పెట్టమన్నారు. వాతావరణశాఖ లెక్క వేరు, రైతు లెక్క వేరని తేలింది. మృగశిరకా ఆరుద్రకా అన్న వాదన మన అరుగుల మీద ఎన్ని తరాలుగా నడుస్తోందో!

ఇక నల్లగొండ సంగతి. ఫ్లోరైడు నీళ్లలో పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతిని నాగపూర్ శాస్త్రవేత్తలు కనిపెట్టి, దానికి నల్లగొండ పేరే పెట్టారు. ఆ పేరు తూర్పు ఆఫ్రికా దాకా పోయింది. ఊరికి పేరు రావడం సంతోషమే, కానీ మా బత్తాయికి వచ్చుంటే ఇంకా బాగుండేది. చింతపండు తింటే ఒంట్లో ఫ్లోరైడు మూత్రంలో ఎక్కువగా బయటికి పోతుందని కూడా 2002లో ఒక పరిశోధన వచ్చింది. పచ్చిపులుసు వడ్డించేవాళ్లు ఇక గర్వపడొచ్చు.

పాలమూరు దగ్గరి పిల్లలమర్రిని, ఆ పాత మర్రిచెట్టును, మరిచిపోతే ఎలా? చెదలు పట్టిన ఆ మహావృక్షానికి 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి, మందు చుక్కలు చుక్కలుగా ఎక్కించారు. నవ్వినవాళ్లు నవ్వారు గానీ, చెట్టు మళ్లీ చిగురించింది.

అన్నట్టు, మన పీహెచ్‌డీ పిల్లలకూ ఇది వైవాల కాలం. గైడు సంతకం దొరకడం తొలకరి కంటే కష్టం. థీసిస్ శీర్షిక చివర 'ఒక అధ్యయనం' అని ఉండాల్సిందే, వైవా చివర జీడిపప్పు బిస్కెట్లూ ఉండాల్సిందే. "ఇంకెన్నాళ్లు చదువుతవు బిడ్డా?" అనే మేనత్త ప్రశ్నకు మాత్రం ఏ కమిటీ దగ్గరా జవాబు లేదు.

మనకు తెలిసిందే మనకు చెబుతారని నవ్వుకుంటాం. నిజమే, కానీ మన కష్టసుఖాలను ఇంత ఓపికగా కాగితం మీద పెట్టినవాళ్లు ఇంకెవరున్నారు? అందుకే ఈసారి ట్యాబు పట్టుకుని ఎవరైనా గడపలోకొస్తే చల్లటి నీళ్లివ్వండి, ఎకరాలు తగ్గించకుండా, అప్పు దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పండి.