పరుగుకంటే ముందు



క్యారీలోని మా ఇంటి గ్యారేజీలో పిల్లల పాత క్వాడ్ బైక్ ఒకటి ఉండేది. ఆ నాలుగు చక్రాల బండిని మా అమ్మాయి ఎనిమిదవ పుట్టినరోజుకు బాగుచేసి ఇవ్వాలని పూనుకున్నాను.

మొదట ఇంజను పలకనే లేదు. ఏళ్ల తరబడి నిలిచిన పెట్రోలు జిగురుగా మారి, కార్బ్యురేటర్‌లోని సూది బెజ్జమంత రంధ్రాన్ని మూసివేసింది. దానిని విప్పి కడిగి, కొత్త స్పార్క్ ప్లగ్ బిగించాను. పుట్టినరోజు ఉదయాన ఇంజను గుర్రుమన్నది.

"నాన్నా, ఎక్కనా?" అన్నది అమ్మాయి.

సరేననబోయి, ఎందుకో బ్రేకు పట్టి బండిని తోసి చూశాను. చక్రాలు ఆగలేదు! లోపలి బ్రేకు షూలు పూర్తిగా అరిగిపోయాయి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు నాదే. పరుగెత్తించాలన్న ఆత్రంలో ఆపే సంగతి మరచాను.

రెండు వారాల తరువాత కొత్త షూలు ఇద్దరమూ కలిసి అమర్చాము. ఉత్తర కరోలినా చట్టం ప్రకారం మరీ చిన్న పిల్లలు ఈ బండిని నడపరాదు. పదహారేళ్లలోపు వారిని పెద్దలు కనిపెట్టి ఉండాలి. హెల్మెట్, కళ్లద్దాలు తప్పనిసరి. వీధులలో నడపకూడదు. అందుచేత ఒక మిత్రుని పొలానికి వెళ్లాము.

అక్కడ మా అమ్మాయి మొదట ఏమి చేసిందో తెలుసా? నాలుగు గజాలు నడిపి, బ్రేకు వేసి చూసుకున్నది. తరువాతనే ముందుకు సాగింది.

మీరు కూడా రేపు సైకిలెక్కే ముందు ఒక్కసారి బ్రేకు నొక్కి చూడండి.